వంశము – సంఘము: కూచిపూడి మేళముల పరిణామము

కోనసీమ అగ్రహారములలో వేదాధ్యయనము సాగిన యిండ్లయందు తండ్రియే గురువు. ఉపనయనము చేసినవాడును, సంత చెప్పినవాడును, స్వరము తప్పినపుడు దిద్దినవాడును ఒక్కడే యగుటచే, ఆ విద్య తనకు పితృసంబంధమువలన వచ్చినదా ఆచార్యసంబంధమువలన వచ్చినదా యను విచారము బాలునకు పుట్టదు. అమలాపురము చుట్టుపట్ల గ్రామములలో మేనమామయొద్దనో పొరుగూరి ఘనపాఠియొద్దనో చదువుకొన్నవానికి మాత్రము ఆ రెండు సంబంధములును వేరువేరని తెలియును. గోదావరీ డెల్టాయందలి ఆహితాగ్నుల జీవితములను గూర్చి డేవిడ్ నైప్ అను అమెరికా పండితుడు 2015లో ప్రకటించిన గ్రంథము చదివినవారికి ఈ స్థితి సుపరిచితమే. వంశపారంపర్యముగ నడచిన యొక సమాజము నియమావళియు, కార్యనిర్వాహకవర్గమును గల లాభాపేక్షలేని సంఘముగ మారునపుడు ఈ రెండు సంబంధముల వేర్పాటే ముఖ్యవిషయమగును. రిజిస్ట్రారు కచేరిలో ముద్ర పడుటయే మార్పని పలువురి తలంపు. ముద్ర స్వల్పవిషయము. 'ఎవడు మనవాడు' అను ప్రశ్నకు అంతవరకు పుట్టుక చెప్పుచున్న ఉత్తరమును ఇకమీదట నియమము చెప్పవలసివచ్చుట పెద్దవిషయము.

ఈ భేదమును వైయాకరణులు మిక్కిలి పూర్వమే గుర్తించిరి. పాణిని గోత్రశబ్దమును పౌత్రుడు మొదలుకొని తరువాతి సంతానమునకు సంజ్ఞగ విధించెను. గర్గుని కొడుకు గార్గి, మనుమడు గార్గ్యుడు. ఇంటి పెద్ద జీవించియుండగా ఆ తరువాతి తరమువాడు గార్గ్యాయణుడు. ఇదంతయు పుట్టుక లెక్క. కాని అవ్యయీభావప్రకరణమున సంఖ్యావాచకమును వంశ్యవాచకముతో సమసింపజేయు సూత్రమును వ్యాఖ్యానించుచు కాశికాకారులు వంశము రెండు విధములని స్పష్టపరచిరి: విద్యచే నేర్పడినది యొకటి, జన్మచే నేర్పడినది మరియొకటి. వ్యాకరణమునకు మునులు మువ్వురనునపుడు పాణిని కాత్యాయన పతంజలులు విద్యావంశ్యులు. వారు రక్తబంధువులని యెవ్వరును చెప్పలేదు. భరద్వాజవంశ్యులు ఇరువదియొక్కరనునది జన్మవంశమున కుదాహరణము. తద్ధితములలో 'అచ్చటినుండి వచ్చినది' యను నర్థమున వుఞ్ ప్రత్యయమును చెప్పుచు సూత్రకారుడు విద్యాసంబంధమును యోనిసంబంధమును ఒక్క సూత్రముననే కూర్చెను. ఉపాధ్యాయునివలన వచ్చినది ఔపాధ్యాయకము, పితామహునివలన వచ్చినది పైతామహకము; ప్రత్యయ మొక్కటే. తండ్రివలన వచ్చినదానికి మాత్రము పిత్ర్యము, పైతృకమని ప్రత్యేకరూపము లేర్పడినవి. శబ్దశాస్త్రమున తాత సొత్తును గురువు చెప్పిన చదువును ఈ విధముగ ఒకే పంక్తిలో కూర్చున్నవి. లోకమున అట్లు గాదు. తాత సొత్తునకు దాయాదులుందురు.

తెలుగుదేశమున ఈ విషయమునకు కూచిపూడి భాగవతులకంటె తగిన యుదాహరణము లేదు. కృష్ణాజిల్లాలో మొవ్వకు చేరువనున్న ఆ గ్రామపు పూర్వచరిత్రలో ఐతిహ్యమును లేఖ్యమును కలగలసియున్నవి. సిద్ధేంద్రయోగి పారిజాతకథను భామాకలాపముగ కూర్చి, ఊరి బ్రాహ్మణబాలురచేత జీవితమున నొక్కమారైనను సత్యభామ వేషము ధరింతుమని ప్రమాణము చేయించెనని ఐతిహ్యము. ఆ యోగి కాలనిర్ణయమున పండితు లేకాభిప్రాయులు గారు. సిద్ధవటపుసీమలో సమ్మెట గురవరాజు చేసిన దౌర్జన్యములను కూచిపూడివారు విజయనగరరాజు నెదుట కేళికగ ప్రదర్శించిరని మాచుపల్లి కైఫీయతు చెప్పుచున్నది; అది 1502 ప్రాంతపు సంగతియని గణింతురు. గోలకొండ తానాషా ఆ నాట్యము చూచి మెచ్చి గ్రామమును అగ్రహారముగ నిచ్చెనని వాడుక. 1763 నాటికి వచ్చునప్పటికి మాత్రము కాలి క్రింద నేల గట్టిపడును. కాండ్రేగుల జోగిపంతులు కాలమున గ్రామమును కుటుంబములవారికి పంచి, పదునైదు ఇంటిపేళ్లవారిని పేర్కొన్న పత్రము ఆ సంవత్సరపుది.

ఆ పత్రము భూమినిగూర్చినది. కాని భూమిలో భాగము గలవాడే నాట్యమున కధికారి యన్నట్లు తరువాతివారు దానిని చదువుకొనిరి. వేదాంతము, వెంపటి, చింతా, పసుమర్తి, భాగవతుల, మహంకాళి మొదలగు ఇంటిపేళ్లు నాట్యశాస్త్రపారిభాషికము లన్నంతగా ఆ కళతో పెనవేసికొనిపోయినవి. బాలుడు చిన్నతనమున ప్రహ్లాదుడో లోహితాస్యుడో యై రంగమెక్కును. యౌవనమున స్త్రీవేషము కట్టును. వయసు మీరినపిదప సూత్రధారుడై తాళము పట్టుకొనును. స్త్రీపాత్రలను కూడ పురుషులే ధరింతురు. ఆ యిండ్ల ఆడుబిడ్డలు రంగమునకు దూరము. ఒక మేళమున సూత్రధారునకు నటులు కొడుకులో, తమ్ములో, అల్లుండ్రో యగుటచే ఆచార్యత్వమును గృహయాజమాన్యమును ఒకచోటనే నిలిచెను.

అయినను పుట్టుక యొక్కటియే అక్కడ సర్వమని తలపరాదు. భామాకలాపమున సత్యభామ తెరమీదుగా జడ వైచు సంప్రదాయము పండితు లెరిగినదే. విద్యలో తన్ను గెలిచినవారు ఆ జడను కోయవచ్చునని అది సభకు విసరిన సవాలు. జడ వైచిన నటుడు తాతపేరు చెప్పి తప్పించుకొనజాలడు. సాహిత్యమున, సంగీతమున, అభినయమున అడిగినదానికి సమాధానము చెప్పవలసినదే. కావున మేళములోనికి ప్రవేశము యోనిసంబంధముచేతను, సభలో నిలుకడ విద్యాసంబంధముచేతను కలుగుచుండెననుట సమంజసము.

ఇట్టి విద్యవలన వచ్చిన ధనము ఎవరిది? ధర్మశాస్త్రమున ఇది ప్రాచీనవివాదము. విద్యచే లభించినదానిని దాయాదులకు పంచనక్కరలేదని యాజ్ఞవల్క్యుని మతము. పితృద్రవ్యమునకు నష్టము లేకుండ నార్జించియుండవలెనన్న విశేషణమును విజ్ఞానేశ్వరుడు దానికిని అన్వయింపజేసెను. ఉమ్మడి సొమ్ముతో అన్నముపెట్టి చదివించిన విద్యయైనచో దాని ఫలము ఉమ్మడిదే యని దీనినుండి తేలినది. మదరాసు హైకోర్టువారు 1864లో చలకొండ అలసాని వ్యాజ్యమున, అనగా నాట్యవృత్తి గల స్త్రీల కుటుంబపు తగవులోనే, ఈ మతమును గైకొనిరి. 1921లో ప్రీవీకౌన్సిలు ఇండియను సివిలు సర్వీసు ఉద్యోగి జీతమునకు సైతము దీనినే వర్తింపజేయగా చదువుకొన్నవారందరికిని గుండె ఝల్లుమన్నది. నాట్యకత్తెల యింటి తగవున ఏబదియేడేండ్లు అన్యాయముగ తోపని న్యాయము జిల్లా కలెక్టరు జీతముమీదికి వచ్చునప్పటికి అన్యాయముగ తోచినది. 1930లో హిందువుల విద్యార్జితధనమును గూర్చిన చట్టము పుట్టెను. కుటుంబవ్యయముతో నేర్చిన విద్యయైనను దాని సంపాదన నేర్చినవానిదే యని అది శాసించెను. మేళములను ఈ చట్టమే విడదీసినదనుట అతిశయోక్తి. పల్లెలలో ఆదరణము తగ్గుట, మదరాసు సినిమాలు నట్టువులను, నటులను రమ్మని పిలుచుట అంతకంటె బలమైన హేతువులు. అయినను వేదాంతము రాఘవయ్య, వెంపటి పెదసత్యము మొదలగువారు చెన్నపట్టణమున గడించినది మేళముయొక్క ఉమ్మడిధనమని వాదించుటకు ఆ పిదప చట్టమున తావు లేదు.

యోనిసంబంధమును విద్యాసంబంధమును మొదట విడివడినది ఊరివెలుపలనే. వేదాంతము లక్ష్మీనారాయణశాస్త్రిగారు ఊరు విడిచి, ఇతరకులములవారికిని స్త్రీలకును నేర్పిరి. ఊరిలో చింతా వెంకటరామయ్యగారు నెలకొల్పిన వెంకటరామ నాట్యమండలి యక్షగానములను నిలబెట్టెను. 'మేళము' పోయి 'మండలి' యను పేరు వచ్చుటయే కాలపు మార్పునకు గుర్తు. 1957లో ఆంధ్రప్రదేశ్ సంగీతనాటక అకాడమీ ఏర్పడెను. 1958లో ఢిల్లీయందు కేంద్ర అకాడమీవారు జరిపిన నాట్యగోష్ఠిలో కూచిపూడి శాస్త్రీయమా కాదా యను చర్చ పుట్టి, ఆంధ్రుల మనస్సును నొప్పించెను. దానికి ప్రత్యుత్తరమనదగిన నాట్యగోష్ఠి 1959లో హైదరాబాదున జరిగెను. ఆ దినములలోనే ఏలూరి న్యాయవాది, నటుడునగు బండా కనకలింగేశ్వరరావుగారి పూనికతో కూచిపూడిలో సిద్ధేంద్ర కళాక్షేత్రము వెలసెను. చింతా కృష్ణమూర్తి మొదలగు పారంపర్యాచార్యులు అందు నేర్పిరి. 1961లో వేదాంతము సత్యనారాయణశర్మగారికి కేంద్ర అకాడమీ పురస్కారము వచ్చుటతో స్త్రీవేషమునకు దేశమంతటను గౌరవము కలిగెను. 1963లో వెంపటి చినసత్యముగారు మదరాసున కూచిపూడి ఆర్టు అకాడమీని స్థాపించిరి. అందు నేర్చినవారిలో మిక్కిలిభాగము స్త్రీలు. 1985లో తెలుగు విశ్వవిద్యాలయ మేర్పడిన తరువాత ఊరిలోని కళాక్షేత్రము దానికి చెందిన సిద్ధేంద్రయోగి కళాపీఠముగ మారెను. తాళము పట్టుకొన్న సూత్రధారుని స్థానమున ప్రిన్సిపాలు, ప్రమాణమునకు బదులు దరఖాస్తు, జడకు బదులు పరీక్ష వచ్చినవి.

కళామండలి, అకాడమీ, కళాపీఠము అనువానిలో కొన్ని ట్రస్టులు, కొన్ని విశ్వవిద్యాలయశాఖలు. తక్కినవానికి సామాన్యముగ ఆశ్రయము సంఘముల రిజిస్ట్రేషను చట్టము. 1860 నాటి 21వ చట్టము చిన్నది. ఇరువది సెక్షనులు గల ఆ చట్టమును పండితులు ఒక్కమారు చదువుట మంచిది. మన స్మృతులలో సమయధర్మములని చెప్పబడినవి దానిలో వేరు వేషమున కనబడును. ఏడుగురికి తక్కువగాక కూడి, ఉద్దేశమును తెలుపు మెమొరాండమున చేవ్రాళ్లు చేసి రిజిస్ట్రారుకడ దాఖలు చేయవలయును. ఉద్దేశము సాహిత్యము, శాస్త్రము, లలితకళలు, ధర్మకార్యము మొదలగువానిలోనిదై యుండవలయును. ఉద్దేశమును మార్చుటకు సభ్యులలో అయిదింట మూడుపాళ్లవారు రెండు సమావేశములలో అంగీకరింపవలయును. అన్నిటికంటె ముఖ్యములు పదునాలుగవ, పదునైదవ సెక్షనులు. సంఘము రద్దయినచో, అప్పులు తీర్చగా మిగిలిన ఆస్తిని సభ్యులు పంచుకొనరాదు. మరియొక సంఘమున కీయవలయును. ఇక సభ్యుడెవడు? నియమావళి ననుసరించి చేర్చుకొనబడి, చందా చెల్లించినవాడు లేదా పట్టికలో సంతకము చేసినవాడు.

1763 నాటి విభాగపత్రమును ఈ రెండు సెక్షనులను ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. అది పంచుటకు పుట్టినది. ఇది ఎన్నడును పంచరాదని నిషేధించుచున్నది. అందు ఇంటిపేరు అధికారము. ఇందు పట్టికలోని సంతకము అధికారము. దాయము, విభాగము, జ్ఞాతిత్వము అను మూడు మాటలకును ఇందు చోటు లేదు. 2001లో ఆంధ్రప్రదేశ్ 35వ చట్టముగ స్వంతశాసనము చేసికొని, రిజిస్టరైన సంఘమునకు అవిచ్ఛిన్నపారంపర్యము గల ఏకవ్యక్తిత్వమును స్పష్టముగ నిచ్చెను. సభ్యులు పోవుదురు, వత్తురు; సంఘము నిలుచును. పుత్రుడు లేనివాని వంశము తెగునని భయపడి దత్తతకు పరుగెత్తిన లోకమునకు ఇది క్రొత్త పారంపర్యము. కోనసీమలోని ముక్తేశ్వరమున జన్మించిన జయంతి రామయ్యపంతులుగారు 1911లో మదరాసున ఆంధ్రసాహిత్యపరిషత్తును స్థాపించునపుడు, సభ్యుని తాత యెవరని అడుగవలసిన పని కలుగలేదు. అది మొదటినుండియు విద్యావంశమే. కూచిపూడికి అట్టి సౌలభ్యము లేదు. అది ఇల్లుగ పుట్టి సభగ మారవలసివచ్చినది.

ఇచ్చట ఒక హెచ్చరిక యవసరము. చట్టము సభ్యత్వమును నియమావళికి వదలినదే కాని, నియమావళిలో పుట్టుకను వ్రాసికొనరాదని అనలేదు. అమెరికా స్వాతంత్ర్యయుద్ధమున పోరాడిన సేనానులు 1783లో సిన్సినాటి సంఘమును స్థాపించి, సభ్యత్వము జ్యేష్ఠపుత్రక్రమమున సంక్రమించునట్లు నియమము చేసికొనిరి. రాచరికమును కాదన్నవారే క్రొత్త ప్రభువంశములను పుట్టించుచున్నారని నింద పుట్టగా, అధ్యక్షుడగు వాషింగ్టను 1784లో ఆ నియమమును తీసివేయ ప్రయత్నించెను, శాఖలన్నియు సమ్మతింపలేదు. ఆ సంఘము నేటికిని వంశక్రమముననే సాగుచు, గ్రంథాలయమును ప్రదర్శనశాలను నడుపుచున్నది. 1890లో పుట్టి 1896లో కాంగ్రెసుచే శాసనము పొందిన అమెరికా విప్లవపుత్రికల సంఘమును నట్టిదే. మనదేశమున విజయనగరపు మాన్సాసు సంగతి యెల్లరు నెరిగినదే. పూసపాటి విజయరామ గజపతిరాజుగారు 1958లో విద్యాదానమునకై దానిని స్థాపించిరి. అధ్యక్షపదవి వంశములో నెవరికి చెందవలెనను తగవు 2020లో ప్రభుత్వపు ఉత్తరువుతో రేగి, 2021 జూనులో హైకోర్టు ఆ ఉత్తరువును కొట్టివేయువరకు పోయెను. కావున లాభాపేక్ష లేకుండుట వేరు, వంశాపేక్ష లేకుండుట వేరు. మొదటిదానిని చట్టము విధించును. రెండవదానిని సభ్యులు తామై విధించుకొనవలయును.

కూచిపూడికి ఈ మార్పు సాధ్యమగుటకు కారణమేమి? కోనసీమవైపు చూచిన తెలియును. ముమ్మిడివరము మొదలగు గ్రామములలో కలావంతుల మేళములుండెను. అవియు వంశములే; తల్లినుండి కూతునకు, పెంపుడుకూతునకు వచ్చు వంశములు. పదములు, జావళులు, భామాకలాపము, గొల్లకలాపము వారికి కంఠస్థములు. వారికి కళాక్షేత్రము రాలేదు. 1947 నాటి మదరాసు దేవదాసీ చట్టము వచ్చెను. కలావంతులను పేరుపెట్టి పేర్కొన్న ఆ చట్టము అర్పణమును, ఆలయములలోను దేవతోత్సవములలోను స్త్రీల నాట్యమును నిషేధించెను. బాలికలను అర్పించు ఆచారమును తుదముట్టించుట ధర్మమే. దానిని ఆక్షేపించువాడు ఆ బాలికల దుఃఖము నెరుగనివాడు. కాని యోనిసంబంధమును ఖండింప బూనిన కత్తి విద్యాసంబంధమును కూడ ఖండించెను. కూచిపూడిలో పుట్టుకను ప్రక్కకు నెట్టి విద్యను నిలుపుటకు అకాడమీయు ప్రభుత్వమును చేయూతనిచ్చినవి. కోనసీమలో విద్యనుండి పుట్టుకను వేరుచేయ యత్నించినవారు లేరు. నటరాజ రామకృష్ణ (1923–2011) వంటివారు తరువాత ఆ వృద్ధనర్తకీమణులను వెదకి, వారియొద్దనున్నది సేకరించి, ఆంధ్రనాట్యమను పేర నేర్పిరి. అప్పటికి పలువురు ఆ విద్యను మరుగుపరచుకొని జీవించుచుండిరి. వారి కూతుండ్రలో దానిని నేర్చినవారు మిక్కిలి యరుదు. పురుషులు స్త్రీవేషము ధరించిన మేళమునకు సంఘమర్యాద దక్కినది. స్త్రీలు తమ పాత్రలను తామే యాడిన మేళమునకు దక్కలేదు. ఈ తారతమ్యమునకు కారణము కళలో లేదు.

కూచిపూడిలో తెరచిన ద్వారము కూడ అందరికి నొక్కమారుగ తెరువబడలేదు. పరకులముల బాలికలు, పరదేశముల యువతులు వచ్చి నేర్చుకొనుచుండగా ఆ పారంపర్యకుటుంబముల ఆడుబిడ్డలే చాలకాలము వెలుపల నిలిచిరి. హర్షిత కామత్ అను పరిశోధకురాలు 2019లో ప్రకటించిన గ్రంథమున ఈ సంగతిని ఆ స్త్రీలతో మాటలాడియే వ్రాసినది. నియమావళి వారిని వారించలేదు, ఇల్లు వారించినది. అయినను అట్టి యిండ్ల స్త్రీలలో కొందరు పట్టుదలతో నేర్చి గురుస్థానము నందిరి.

ఇక సముద్రముల కావలి సంగతి. 2001లో కాలిఫోర్నియాలో తెలుగువారు స్థాపించిన సిలికానాంధ్ర యను లాభాపేక్షలేని సంస్థ, కూచిపూడి నాట్యసమ్మేళనములను తలపెట్టి, 2010 డిసెంబరులో హైదరాబాదున రెండువేలకు పైబడిన నర్తకులచే నొక్కమారుగ నాట్యము చేయించెను. వారిలో పదునైదు ఇంటిపేళ్లకు చెందినవారిని వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. నేడు కూచిపూడి నర్తకి యెక్కడ నాట్యము చేసినను, సభలో చదువు పరిచయమున మొదట గురువు పేరును, పిదప గురువుగారి గురువు పేరును వచ్చును. ఆ రెండవ పేరునకు ముందుండు ఇంటిపేరు తరచుగా వెంపటియో, వేదాంతమో, పసుమర్తియో యగును.